కొర్రమీనుకు రబ్బరు కప్ప కొంటున్నారా?
తామరాకులు కమ్మిన చెరువులో కొర్రమీను కోసం నేనెప్పుడూ గాలానికి ఎరగా లోపల బోలుగా ఉండే మెత్తటి రబ్బరు కప్పనే వాడతాను. కొనే ముందు బొటనవేలితో దాని వీపు నొక్కి చూడండి. రెండు గాలపు మొనలూ వెంటనే బయటపడాలి. గట్టిగా నొక్కితే గానీ రాకపోతే ఆ కప్ప వద్దు, చేప కరిచినా గాలం దిగదు. వేలు తీయగానే మొనలు మళ్లీ వీపుకు ఆనుకోవాలి, అప్పుడే నాచులో చిక్కుకోదు. రంగు సంగతి నేను పెద్దగా పట్టించుకోను.

నాలుగైదు విసుర్లకోసారి లోపల చేరిన నీళ్లు పిండేయండి, లేకపోతే మునిగిపోతుంది. చేప కప్ప మీద పడి నీళ్లు చిమ్మగానే లాగేయకండి, దారం బిగిసేదాకా ఒక్క క్షణం ఆగండి.

ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు పైకి తేలుతూ కనిపిస్తే మాత్రం అక్కడ కప్ప వేయొద్దు. కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. వాటిని పట్టేస్తే మిగతా చేపలు ఆ పిల్లల్ని తినేస్తాయి.