తుఫాన్ల నెలల్లో డెలివరీ డేట్ పడిందా? ముందే తేల్చుకోవాల్సినవి

పైలిన్ 2013 అక్టోబరు 12న వచ్చింది, హుద్‌హుద్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అందుకే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అక్టోబరు, నవంబరుల్లో డేట్ ఇచ్చారంటే ఏడో నెల నుంచే కూర్చుని మాట్లాడుకోవాలి. బర్త్ ప్లాన్ అని వెతికితే గదిలో లైటు ఎలా ఉండాలి, ఏ పాటలు పెట్టుకోవాలి లాంటివి వస్తాయి. అవి వద్దనను. కానీ మనకు ముందు తేలాల్సింది ఏ ఆసుపత్రి, ఏ దారి, ఎవరు తోడు, రక్తం ఎక్కడ అన్న నాలుగు సంగతులు.

ఆసుపత్రి ఒకటి కాదు, రెండు అనుకోండి. చూపించుకునే చోట డాక్టరమ్మ మంచిదా కాదా అన్నది ఎలాగూ అందరూ అడుగుతారు, అడగని ప్రశ్న ఇంకోటి ఉంది: "రాత్రి రెండింటికి అర్జెంటుగా ఆపరేషన్ చేయాల్సి వస్తే ఇక్కడే చేస్తారా, ఇంకో చోటికి పంపిస్తారా?" మత్తు డాక్టరు పిలిస్తే వస్తారా లేక పక్క ఊళ్లో ఉంటారా, బిడ్డకు ఊపిరి ఇబ్బందైతే పెట్టే నవజాత శిశువుల వార్డు ఉందా, జనరేటరు ఎంతసేపు నడుస్తుంది, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. పంపించేస్తాం అంటే ఎక్కడికి పంపుతారో ఆ ఆసుపత్రే మీ రెండోది. టెక్కలి చుట్టుపక్కల వాళ్లకు అది శ్రీకాకుళం పెద్దాసుపత్రి (ఇప్పటికీ అందరం రిమ్స్ అనే అంటాం), విజయనగరం వాళ్లకు ఘోషాసుపత్రి, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు శ్రీకాకుళం కంటే బరంపురం చాలా దగ్గర, ఈ సంగతి అక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రెండో ఆసుపత్రికి కూడా ఎనిమిదో నెలలో ఒకసారి వెళ్లి ఓపీలో చూపించుకుని చీటీ రాయించుకోండి. అర్ధరాత్రి కొత్త కేసుగా వెళ్లడం వేరు, ముందే చూసిన కేసుగా వెళ్లడం వేరు.

దారి సంగతి. 108 ఉచితమే, కానీ తుఫానులో చెట్లు పడితే అంబులెన్సు కూడా రోడ్డు మీదే రావాలి. తిత్లీ అప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగి రోడ్ల మీదే పడ్డాయి, కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. ఫోన్ కలవకపోతే 108కి చెప్పేదెవరు? పైగా ఇక్కడ చినుకు లేకపోయినా ఒడిశాలో కురిస్తే వంశధార, నాగావళి పొంగుతాయి, ఊరికీ రోడ్డుకీ మధ్య గెడ్డ (కొండవాగు) ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి సముద్రం ఒడ్డున, గెడ్డ అవతల, కొండ మీద ఉండేవాళ్లు నొప్పులు వచ్చాక బయల్దేరదాం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. 38 వారాలు నిండేసరికి ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింటికో, చిన్న అద్దె గదికో వచ్చేయడం మంచిది, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి ఇంకా ముందే. కొండమీది ఊళ్ల గర్భిణుల కోసం సాలూరు లాంటి చోట్ల ప్రభుత్వ వసతి గృహాలు పెట్టారు, డోలీ కట్టే పరిస్థితి రాకముందే మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంని దాని గురించి అడగండి. వాతావరణ శాఖ మొదటి హెచ్చరిక మామూలుగా 72 గంటల ముందే వస్తుంది, అది వినగానే కదలాలి, గాలి మొదలయ్యాక కాదు.

ఇక్కడే ఒక పేచీ వస్తుంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే అన్నది మన పద్ధతి. అమ్మాయి అత్తారిల్లు శ్రీకాకుళం టౌన్లో, పుట్టిల్లు వజ్రపుకొత్తూరులో బీచ్ పక్కన అయితే, సీమంతం చేసి అక్టోబరు మొదటి వారంలో అక్కడికి తీసుకెళ్లడం ఏం తెలివి? అమ్మే టౌన్‌కి వచ్చి నెల రోజులు ఉండొచ్చు కదా. మర్యాదలు బిడ్డ పుట్టాక తీర్చుకోవచ్చు.

తోడు ఎవరు? మన జిల్లాల్లో భర్త హైదరాబాదులోనో, గుజరాత్ వేరావల్‌లో చేపల వేటలోనో ఉండటం మామూలు. కబురు అందుకుని ఆయన రైలెక్కి వచ్చేలోపు పని అయిపోతుంది. అందుకని ఆయన లేనప్పుడు వెంట వెళ్లేది ఎవరు, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, డాక్టరుతో మాట్లాడేది ఎవరు అన్నది పేర్లతో సహా తేల్చండి, ఒకరు కుదరకపోతే రెండోవారు ఎవరో కూడా. నలుగురు వెళ్లి నాలుగు మాటలు చెప్పడం కంటే ఒక్కరు మాట్లాడటం నయం. ఆపరేషన్‌కి భర్త సంతకం కావాలని ఆగిపోవద్దు, మేజరైన ఆడమనిషి స్పృహలో ఉంటే చట్టప్రకారం ఆమె సంతకం చాలు. సర్కారు ఆసుపత్రుల్లో కూడా పురిటి గదిలో ఒక ఆడతోడు ఉండటానికి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, కాన్పు అయిన వదినో పిన్నో అయితే మంచిది. అక్కడి సిస్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

రక్తం దగ్గర అజాగ్రత్త వద్దు. మన దేశంలో కాన్పు మరణాలకు పెద్ద కారణం రక్తస్రావమే, అది ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. హిమోగ్లోబిన్ 11 దాటి ఉండాలి, ఏడు కంటే తగ్గిందంటే తీవ్రమైన రక్తహీనత, అది ఆసుపత్రి వ్యవహారం. ఐరన్ మాత్రలు టీతో వేసుకుంటే ఒంటికి పట్టవు, నిమ్మరసంతో వేసుకోండి. మాత్రలు పడకపోతే మానేయకుండా చెప్పండి, సెలైన్లో ఎక్కించే ఐరన్ ఉంది. మీ గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజక్షన్ గురించి ఇప్పుడే మాట్లాడండి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటల్లోపు వేయాలి, అది దగ్గర్లో దొరుకుతుందో లేదో తుఫాను రోజున వెతుక్కోకూడదు. అదే గ్రూపు ఉన్న ఇద్దరు ముగ్గురు బంధువులు, స్నేహితుల నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఫోన్లో ఉన్నాయిలే అనుకుంటే ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ ఎందుకూ పనికిరాదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు వాళ్లకు ఇంకో మాట. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే బీపీ, మూత్రంలో ప్రొటీన్‌తో పాటు క్రియాటినిన్ పరీక్ష కూడా ఒకసారి చేయించమని డాక్టరును అడగండి. నడుము నొప్పని మందుల షాపులో తోచిన బిళ్ల కొని మింగొద్దు.

ఎప్పుడు బయల్దేరాలి? నొప్పులు ఆగి ఆగి, ఒక లెక్కలో, అయిదు నిమిషాలకోసారి వస్తుంటే వెళ్లాలి. ఇల్లు దూరమైతే పది నిమిషాలప్పుడే, రెండో కాన్పు అయితే ఇంకా త్వరగా. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. బిడ్డ కదలిక తగ్గినా, రక్తం పడినా, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, ఫిట్స్ ఏది కనిపించినా లెక్కలు చూడకుండా కదలండి. వర్జ్యం దాటాక వెళదాం అనే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉంటారు, ఆయనకి ఈ పేరా ముందే చదివి వినిపించండి. ముహూర్తం చూసి 39 వారాలు నిండకముందే సిజేరియన్ పెట్టించుకోవడం ఇంకా తప్పు, అవసరం లేకుండా ముందే తీస్తే బిడ్డకు ఊపిరి సమస్య వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఇష్టాయిష్టాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 42 కాన్పులు సిజేరియనే, అవన్నీ అవసరమైనవే అంటే నేను నమ్మను. ఆపరేషన్ అన్నప్పుడు "ఎందుకు, ఇప్పుడే చేయాలా, ఆగితే ఏమవుతుంది" అని అడగండి. సరైన కారణం ఉంటే వెంటనే ఒప్పుకోండి. నొప్పులప్పుడు నడవనిస్తారా, మంచినీళ్లు తాగనిస్తారా, బిడ్డ పుట్టగానే పేగు కోయకుండా ఒక నిమిషమైనా ఆగుతారా, బిడ్డను తల్లి ఒంటి మీద పెడతారా అన్నవి ముందే మాట్లాడుకుంటే సిబ్బందికీ సులువు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. తేనె, ఆముదం, పంచదార నీళ్లు నాకించొద్దని అమ్మమ్మకి, నానమ్మకి ఇద్దరికీ చెప్పి ఉంచండి. మొదటి రోజు స్నానం కూడా వద్దు, వెచ్చగా చుట్టి ఉంచితే చాలు.

సంచి 36వ వారానికి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండాలి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పుస్తకం, స్కానింగ్ రిపోర్టులు అన్నీ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో. మెత్తటి పాత నూలు బట్టలు ఉతికి ఎండలో ఆరేసినవి, తల్లికి ముందు తెరిచే నైటీలు, పెద్ద ప్యాడ్లు, టార్చి, పవర్ బ్యాంకు, తాగే నీళ్లు. నగదు మర్చిపోవద్దు, కరెంటు లేకపోతే ఏటీఎం పనిచేయదు, ఫోన్‌పే అసలే పనిచేయదు. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితమే, ఎవరైనా అడిగితే ఇవ్వక్కర్లేదు. మాతృవందన యోజనలో మొదటి బిడ్డకు వచ్చే 5000 రూపాయలకు ఆశా కార్యకర్తతో ఇప్పుడే నమోదు చేయించుకోండి.

తిరిగి ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ 102 దింపుతుంది, అయితే ఇంటి దారి, నీళ్లు, కరెంటు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే డిశ్చార్జి అడగండి, తుఫాను తర్వాత బావి నీళ్లు కాచి చల్లార్చే తాగాలి. బాలింతకు నీళ్లు తగ్గించి పెట్టడం, తలుపులన్నీ మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టడం వద్దు, ఆ పొగకు తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, చలిజ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా మళ్లీ ఆసుపత్రికే. అన్నట్టు, జనన నమోదు 21 రోజుల్లోపు అయితే డబ్బు కట్టే పని లేదు, ఆసుపత్రిలోనే ఫారం నింపించుకుని, పేర్ల స్పెల్లింగులు ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్కడే చూసుకుని రండి.