నేలపట్టు, పులికాట్: ఒక్క రోజులో రెండూ చూడాలంటే

బయల్దేరే ముందు నేలపట్టు పక్షుల అభయారణ్యం చెరువులో నీళ్లున్నాయో లేదో కనుక్కోండి. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటేనే నేల మీది జంతువులు గూటి దాకా రాలేవు. ఈశాన్య రుతుపవనాల వానలు తప్పిన ఏడు పక్షులూ పలచబడతాయి. వానలు బాగా పడితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను.

తెల్లవారే వేళకు పులికాట్ సరస్సు చేరండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం పక్కనున్న నీళ్లనే చూడండి, వెలుతురు మీ వీపు వెనక ఉంటుంది. దక్షిణానికి తిరిగితే పక్షులన్నీ నల్లటి నీడలే. ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా ఇందుకే. ఎండెక్కాక వేడిగాలికి దూరపు పక్షులు అలల్లా ఊగుతాయి. దానికి ఏ లెన్సూ మందు కాదు. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు, 12 రెట్లది చేతిలో నిలవదు.

ఇక్కడి ఫ్లెమింగోల్లో రెండు రకాలు. ముక్కు లేత గులాబీగా ఉండి కొన మాత్రమే నల్లగా ఉంటే పెద్దది. ముక్కంతా ముదురు ఎరుపుతో నల్లగా కనిపిస్తే చిన్నది. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి మేస్తున్నంతసేపూ అవి నిమ్మళంగా ఉన్నట్టు. మేత ఆపి, మెడలెత్తి అన్నీ ఒకే వైపు నడక మొదలెట్టాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి రండి. బురదలోకి దిగనే వద్దు.

మధ్యాహ్నం తర్వాత హైవే మీద ఉత్తరంగా దొరవారిసత్రం వైపు వచ్చి నేలపట్టు చేరండి. ఎన్నింటికి మూస్తారో గేటు దగ్గర అడగండి. టవరెక్కి ఒకే గూటిని అరగంట చూడండి: తల్లి నోరు తెరవగానే పిల్ల తలంతా దాని గొంతుసంచిలోకి దూర్చి చేపలు లాక్కుంటుంది. అదే చెట్ల మీద నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడా దొరుకుతాయి.

కట్ట దిగి చెట్ల వైపు పోవద్దు, చప్పట్లు వద్దు, డ్రోన్ అసలే వద్దు. పెద్దపక్షి లేచిందా, కాకి క్షణంలో గుడ్డు ఎత్తుకుపోతుంది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పిల్లల ఒంటి మీద ఈక కూడా ఉండదు, ఎండకు చచ్చిపోతాయి.