వెల్లుల్లి కారం చుట్ట బ్రెడ్: బెజవాడ ఎండల్లోనూ కుంగిపోకుండా ఎలా చేయాలి?

విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా కేఫ్ పెట్టేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, మిల్క్ బ్రెడ్ ఏ కొట్లోనైనా దొరుకుతుంది కదా, మా దగ్గర ప్రత్యేకంగా ఏం పెట్టాలి అని. వెల్లుల్లి కారం బ్రెడ్ పెట్టమంటాను. ముక్క కోస్తే మధ్యలో ఎర్రటి చుట్ట కనపడాలి. తీరా వాళ్లు చేశాక వెళ్లి చూస్తే చుట్ట విడిపోయి సొరంగంలా ఉంటుంది, లేదంటే పైభాగం కుంగి ఉంటుంది. తప్పు కారంలో ఉందనుకుంటారు కానీ, చాలాసార్లు అది పిండి వేడిలో ఉంటుంది.

మూడు బ్రెడ్లకు కిలో మైదా, 620 గ్రాముల నీళ్లు, 40 గ్రాముల పంచదార, 18 గ్రాముల ఉప్పు, 8 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 50 గ్రాముల వెన్న కావాలి. నీళ్లు కూడా కాటా మీదే తూయండి. 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న టిన్నులు మూడు, ఒక థర్మామీటర్ ఉంటే చాలు.

కారానికి 60 గ్రాముల వెల్లుల్లి, 30 గ్రాముల కారం, చెంచా జీలకర్ర, చెంచా ఉప్పు. వెల్లుల్లిని కచ్చాపచ్చాగా దంచి, రెండు చెంచాల నెయ్యిలో సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పచ్చి వెల్లుల్లి ఈస్ట్‌ను పనిచేయనివ్వదు, పిండిని కూడా జారుగా చేస్తుంది. కారం గుంటూరు సన్నాలదే వాడాలి. తేజ రకం మిర్చి ఘాటు బ్రెడ్‌లో వాసన కంటే ముందు గొంతుకు తగులుతుంది. రంగు కోసం రంగుపొడి కలిపేవాళ్లున్నారు, అది వద్దు.

ఇక అసలు సంగతి. పిండి కలిపే మిక్సర్ ఆపాక ముద్ద మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 25 డిగ్రీలు చూపించాలి, 27 దాటకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి రోజుల్లో మన వంటగది ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. ట్యాంకు నీళ్లే చేయి కాల్చేలా వస్తాయి. ఒక మే నెలలో ఆ నీళ్లతోనే పిండి కలిపి రెండు డజన్ల బ్రెడ్లు పారబోశాను. అరగంటలో పొంగిపోయాయి, పుల్లటి వాసన వచ్చింది, ఓవెన్‌లోకి వెళ్లగానే కుంగిపోయాయి.

నీళ్లు ఎంత చల్లగా ఉండాలో లెక్క వేసుకోవాలి. ముద్ద వేడి గది, మైదా, నీళ్లు మూడింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి 25ని మూడుతో గుణిస్తే 75. అందులోంచి గది వేడి, మైదా వేడి, మిక్సర్ తిరిగినందుకు పెరిగే వేడి తీసేయాలి. నా మిక్సర్ 10 డిగ్రీలు పెంచుతుంది. గది 36, మైదా 34 ఉన్నాయనుకోండి, 75లోంచి 80 తీసేయాల్సి వస్తుంది, అంటే నీళ్లు సున్నా కంటే కింద ఉండాలి. అది కుదరదు. అందుకే ఎండాకాలం మైదాను ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. మైదా 8 డిగ్రీలకు దిగితే 75లోంచి 54 పోయి 21 మిగులుతుంది. 21 డిగ్రీల నీళ్లంటే కొంచెం ఐస్ కలిపితే సరిపోతుంది. ఆ ఐస్ బరువు కూడా 620లోదే, అదనం కాదు. ఐస్ పూర్తిగా కరిగాకే నీళ్లు పోయండి. ఈస్ట్‌ను చల్లటి నీళ్లలో వేయకండి, మైదాలో కలపండి.

మీ మిక్సర్ ఎంత వేడి పెంచుతుందో ఒకసారి కొలుచుకోండి. కలిపిన ముద్ద వేడిని మూడుతో గుణించి, అందులోంచి గది, మైదా, నీళ్ల వేడి తీసేస్తే వచ్చేదే ఆ అంకె.

ఈస్ట్ తగ్గిస్తే చాలు కదా అంటారు. తగ్గిస్తే పొంగడం నెమ్మదిస్తుంది, నిజమే. కానీ వేడి ముద్దలో వెన్న కరిగి, పిండి జిగటగా చేతికి అంటుకుంటూనే ఉంటుంది. అలాంటి ముద్దను బిగుతుగా చుట్టలేరు. ఎండాకాలం ఈస్ట్ 8 నుంచి 6 గ్రాములకు తగ్గించండి, దాంతోపాటు చల్లదనం కూడా ఉండాలి.

వెన్న చివర్లో వేసి, పిండి సాగదీస్తే చిరగకుండా పలచటి పొరలా వచ్చేదాకా కలపండి. గిన్నెకు మూత పెట్టి వంటగదిలో కాకుండా ఏసీ ఉన్న గదిలో ఉంచండి. దాదాపు రెట్టింపు అయ్యాక మూడు భాగాలు చేసి, చుట్ట టిన్ను పొడవుకు సరిపోయేలా అప్పడాల కర్రతో ఒత్తండి. పైన నీళ్లు పలచగా రాసి, అంచుల్లో అంగుళం వదిలి కారం పరిచి, గాలి చేరకుండా గట్టిగా చుట్టండి. కారంలో నెయ్యి ఎక్కువైతే పొరలు అతుక్కోవు.

చుట్టను టిన్నులో పెట్టి మళ్లీ పొంగనివ్వండి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా సగం పూడాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టే. 190 డిగ్రీల్లో 35 నిమిషాలు కాల్చాలి, లోపల 94 చూపించాలి.

రెండు గంటలు చల్లారనిచ్చి రంపం కత్తితో కోయండి. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టకండి, ఇంకా త్వరగా గట్టిపడతాయి. మర్నాటి ముక్కలను పెనం మీద వెన్నతో కాల్చి, ఫిల్టర్ కాఫీతో ఇవ్వండి.