శబ్దాన్ని రంగుల తరంగ చిత్రంగా మార్చే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను ఎలా తయారు చేయాలి?

కోనసీమలో పాటలూ మాటలూ రికార్డు చేసి దాచుకునే అలవాటున్న ఎవరి ఫోను చూసినా ఒకే ఇబ్బంది కనిపిస్తుంది. నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడిన పాట, నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి దాటే పంటు ఇంజను చప్పుడు, తీర్థంలో మోగిన డప్పులు, గుడి అరుగు మీద పెద్దలు చెప్పిన కబుర్లు అన్నీ వరుస సంఖ్యలు తగిలించుకుని ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి. ఏ ఫైలులో ఏముందో తెలియాలంటే మొదటి నుంచి వినడం తప్ప దారి లేదు. మామూలు తరంగ చిత్రం శబ్దం ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెల్లగా ఉందో చూపిస్తుంది గాని, మోగినది ఇంజనో గొంతో తాళమో చెప్పలేదు. ఆ లోటును రంగు తీర్చగలదు. అయితే వేసే ప్రతి రంగుకూ ఒక కొలత ఆధారంగా ఉండాలి, ఆ కొలతను చూసేవారు నమ్మగలగాలి. పైథాన్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయగలిగినవారు ఇలాంటి పరికరాన్ని సొంతంగా తయారు చేసి, అందరికీ ఎలా అందుబాటులో పెట్టవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

ఈ పని ఇంతకు ముందు చేసినవారి కోడు చదవడం మంచిది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైన ఫ్రీసౌండ్ అనే శబ్దాల భాండాగారం రంగుల తరంగ చిత్రాలను చాలా కాలంగా వాడుతోంది. బీబీసీ విడుదల చేసిన ఆడియోవేవ్‌ఫార్మ్ అనే పరికరం పొడవైన రికార్డింగుల ఆకారాన్ని వేగంగా లెక్కిస్తుంది. రెండింటి కోడూ బహిరంగంగానే ఉంది. వాటిని చదివి పద్ధతి తెలుసుకోండి. కోడును మాత్రం లైసెన్సు చూడకుండా తెచ్చి అతికించకండి. జీపీఎల్ లైసెన్సు ఉన్న కోడును కలుపుకున్న ప్రోగ్రాంను పంచిపెట్టేటప్పుడు దాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వవలసి ఉంటుంది.

కావలసిన సరంజామా తక్కువే. లెక్కలకు నంపై, ఫైలు చదవడానికి సౌండ్‌ఫైల్, బొమ్మ గీయడానికి పిల్లో అనే లైబ్రరీలు చాలు. అరుదైన ఫార్మాట్లు ఎదురైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో ముందుగా వేవ్ ఫైలుగా మార్చుకోవచ్చు.

ఫైలును ముక్కలుగా చదవడం

సీడీ నాణ్యత గల రికార్డింగులో సెకనుకు 44,100 నమూనాలు (శాంపిళ్లు), అంటే క్షణక్షణానికీ తరంగం ఎత్తును కొలిచిన సంఖ్యలు, ఉంటాయి. 16 బిట్ల ఫైలయితే ఒక్కొక్క నమూనా -32,768 నుంచి 32,767 వరకు ఉండే ఒక పూర్ణాంకం. ఈ లెక్కన ఐదు నిమిషాల పాటకు 1,32,30,000 నమూనాలు అవుతాయి. మొత్తం ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుంటే, ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున సుమారు 106 మెగాబైట్లు పడుతుంది. ఐదు నిమిషాలకు ఫర్వాలేదు గాని, గంటసేపు సాగిన హరికథను స్టీరియోలో రికార్డు చేసి ఉంటే అది రెండున్నర గిగాబైట్లు దాటుతుంది, పాత లాప్‌టాప్ అక్కడే ఆగిపోతుంది. అందుకని మొదటి రోజు నుంచే ఫైలును ముక్కలుగా చదివేలా రాయండి. సౌండ్‌ఫైల్‌లో అందుకు సదుపాయం ఉంది.

స్టీరియో ఫైలులోని రెండు చానళ్లను సగటు చేసి ఒకటిగా మార్చడం అందరికీ తోచే ఉపాయం. కాని రెండు వైపులా తరంగాలు ఎదురెదురుగా ఉన్నచోట, అంటే ఒకటి పైకి లేచినప్పుడు మరొకటి కిందికి దిగేచోట, సగటు సున్నాకు చేరి శబ్దం ఉన్నా బొమ్మలో లేకుండా పోతుంది. ఏ చానల్‌కు ఆ చానల్ విడిగా లెక్కించి, ఫలితాలను చివర కలపడమే క్షేమం.

ఆకారం

బొమ్మ వెడల్పు 1,200 పిక్సెళ్లు అనుకుందాం. పైన చెప్పిన ఐదు నిమిషాల పాటలో ఒక్కొక్క నిలువు గీతకు 11,025 నమూనాలు, అంటే సరిగ్గా పావు సెకను, వస్తాయి. అన్ని నమూనాలలోంచి ఒక్కటే ఏరుకుని గీస్తే పని వేగంగానే జరుగుతుంది, కాని బొమ్మ అబద్ధం చెబుతుంది. నేను మొదట అలాగే రాసి, డప్పుల రికార్డింగు మీద ప్రయత్నించాను. డప్పు దెబ్బ లేచి పడడానికి సెకనులో చాలా కొద్ది వంతే పడుతుంది గనుక, ఏరుకున్న నమూనా దెబ్బకూ దెబ్బకూ మధ్య పడ్డ ప్రతిచోటా గీత పొట్టిగా వచ్చింది. చెవికి సమానంగా వినిపించిన దరువు బొమ్మలో పళ్లూడిన దువ్వెనలా కనిపించింది. ప్రతి గీతకూ ఆ పావు సెకనులోని అతి పెద్ద విలువనూ, అతి చిన్న విలువనూ తీసుకుని, ఆ రెండింటి మధ్య గీయడమే సరైన పద్ధతి. స్టీరియో అయితే రెండు చానళ్లలోనూ కలిపి పెద్దదీ చిన్నదీ చూడాలి.

నమూనాల సంఖ్య వెడల్పుతో నిశ్శేషంగా భాగింపబడని ఫైళ్లే ఎక్కువ. ప్రతి గీత మొదలూ చివరా ఎక్కడో మొత్తం పొడవు నుంచి లెక్కించి, పూర్ణాంకానికి సవరించండి. గీతకు ఇన్ని అని ముందే స్థిరపరచుకుని కలుపుకుంటూ పోతే, చివర కొంత పాట బొమ్మలోకి రాకుండా మిగిలిపోతుంది.

రంగు

ఈ పని మొత్తానికీ గుండెకాయ ఇదే గనుక ఇక్కడ తొందరపడకూడదు.

ఏ శబ్దాన్నయినా వేర్వేరు పౌనఃపున్యాల మిశ్రమంగా చూడవచ్చు. పౌనఃపున్యం అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో లెక్కగట్టే ఫోరియర్ పరివర్తనాన్ని కంప్యూటర్ మీద వేగంగా చేసే పద్ధతిని జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ అనే అమెరికా గణితజ్ఞులు 1965లో ప్రచురించారు. నంపైలో అది సిద్ధంగా ఉంది. 2,048 నమూనాల ముక్క ఇస్తే, సుమారు 21.5 హెర్ట్జ్‌కు ఒకటి చొప్పున బలాల పట్టిక వస్తుంది. ముక్కను 512కు కుదిస్తే ఆ అంతరం 86 హెర్ట్జ్‌కు పెరిగి, ఇంజను మోతలాంటి మంద్ర శబ్దాల తేడాలు తెలియకుండా పోతాయి.

ఈ పట్టికను ఒకే సంఖ్యగా మార్చాలి. కావడి బద్దను ఊహించుకోండి. ఎడమ కొస తక్కువ పౌనఃపున్యాలది, కుడి కొస ఎక్కువ పౌనఃపున్యాలది. బద్ద పొడవునా, ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉంటే అక్కడ అన్ని కొబ్బరికాయలు వేలాడదీశారనుకుందాం. కావడి ఒరగకుండా నిలవాలంటే భుజం ఎక్కడ ఆనించాలో, అదే వర్ణపటానికి, అంటే ఈ బలాల పట్టికకు, గురుత్వ కేంద్రం. పంటు ఇంజనుకు భుజం ఎడమ వైపుకు జరుగుతుంది, తాళాల మోతకు కుడి వైపుకు జరుగుతుంది. లెక్క కూడా కావడి లెక్కే. ప్రతి పౌనఃపున్యాన్నీ దాని బలంతో గుణించి, అన్నింటినీ కూడి, మొత్తం బలంతో భాగించాలి. బలాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాక వర్గం చేసి వాడమని నా సలహా, ఎందుకంటే ఫోను మైకు చేసే సన్నని బుస పట్టిక పొడవునా పరచుకుని కేంద్రాన్ని కుడి వైపుకు లాగుతూ ఉంటుంది, వర్గం చేస్తే ఆ లాగుడు బాగా తగ్గుతుంది.

కేంద్రాన్ని రంగుగా మార్చేటప్పుడు మన సంగీతంలోని స్థాయి అనే భావన చక్కగా అక్కరకు వస్తుంది. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికీ, అక్కడి నుంచి తార షడ్జానికీ పౌనఃపున్యం ప్రతిసారీ రెట్టింపవుతుంది, చెవికి మాత్రం రెండు దూరాలూ సమానంగానే తోస్తాయి. రంగు కూడా అలాగే నడవాలి. 100 హెర్ట్జ్ నుంచి 6,400 హెర్ట్జ్ వరకు సరిగ్గా ఆరు రెట్టింపులు ఉన్నాయి. వర్ణచక్రంలో ఎరుపు నుంచి ఊదా వరకు 270 డిగ్రీలు తీసుకుంటే, ఒక్కో స్థాయికి 45 డిగ్రీలు వస్తాయి. 100కు ఎరుపు, 800కు ఆకుపచ్చ, 3,200కు నీలం, 6,400కు ఊదా. ఈ హద్దులకు బయట ఉన్నవాటిని హద్దు దగ్గరే ఆపాలి. ఇంద్రధనుస్సులో కూడా ఎరుపుకే పౌనఃపున్యం తక్కువ గనుక, ఈ వరుసను చూసేవారికి గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఇక్కడ నేను రెండు రోజులు పోగొట్టుకున్న సంగతి ఒకటి చెప్పాలి. 440 హెర్ట్జ్ శుద్ధ స్వరాన్ని ప్రోగ్రాంతోనే పుట్టించి పరీక్షిస్తే, లెక్క ప్రకారం 96 డిగ్రీల చుట్టుపక్కల లేత ఆకుపచ్చ రావాలి. బలాన్ని ఇంకా వర్గం చేయకుండా లెక్కిస్తున్న ఆ దశలో నాకు ఆకాశ నీలం వచ్చింది. సూత్రాన్ని ఎన్నిసార్లు సరిచూసినా తప్పు దొరకలేదు. తప్పు ముక్క కోసిన తీరులో ఉంది. తరంగాన్ని మధ్యలో కసుక్కున కోస్తే, ఆ అంచుల దగ్గర తెగిన చోటు అసలు లేని పౌనఃపున్యాలను పట్టికంతా చిమ్ముతుంది, అవన్నీ కలిసి కేంద్రాన్ని పైకి ఈడ్చుకుపోతాయి. ముక్కకు రెండు అంచులూ మెల్లగా సున్నాకు దిగేలా ఒక గంట ఆకారపు వక్రంతో గుణించిన తరువాతే పరివర్తనం చేయాలి. యూలియస్ ఫాన్ హాన్ అనే ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త పేరు మీద పిలిచే హాన్ విండో ఇందుకు సరిపోతుంది, నంపైలో అదీ ఉంది. ఆ ఒక్క గుణకారం చేర్చగానే ఆకుపచ్చ వచ్చింది.

పావు సెకనులో 2,048 నమూనాల ముక్కలు ఐదు పడతాయి. మధ్యలోని ఒక్కటే కాక ఐదింటినీ లెక్కించి, చానళ్లతో సహా బలాలన్నింటినీ కూడిన తరువాత కేంద్రం తీయండి. పూర్తి నిశ్శబ్దంలో మొత్తం బలం సున్నా కావడంతో సున్నాతో భాగించవలసి వచ్చి ప్రోగ్రాం తడబడుతుంది, దాదాపు నిశ్శబ్దంగా ఉన్నచోట మైకు బుసకే ఊదా రంగు పడుతుంది. గీత ఎత్తు సాధ్యమైన అతి పెద్ద ఎత్తులో వెయ్యో వంతుకు మించకపోతే బూడిద రంగు వేసి వదిలేయడం నిజాయితీగా ఉంటుంది.

బొమ్మ గీయడం

పిల్లోలో ముదురు నేపథ్యం మీద ఒక్కొక్క నిలువు గీత గీసి, పీఎన్‌జీగా దాచండి. జేపెగ్‌లో సన్నని గీతల అంచులు మసకబారతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు మన మధ్య చాలామంది ఉన్నారు కాబట్టి, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే విరిడిస్ వంటి రంగుల వరుసను కూడా ఎంచుకునే వీలు తప్పకుండా ఇవ్వండి.

పరీక్షలు

440, 880 హెర్ట్జ్ స్వరాల రంగుల మధ్య తేడా 45 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. నిశ్శబ్దపు ఫైలు, ఒకే ఒక్క నమూనా ఉన్న ఫైలు, బొమ్మ వెడల్పుకన్నా పొట్టి ఫైలు, తెలుగు పేరూ మధ్యలో ఖాళీలూ ఉన్న ఫైలు, వీటన్నింటితోనూ ప్రోగ్రాం కూలిపోకుండా పని పూర్తిచేయాలి. పరీక్షా శబ్దాలన్నింటినీ ప్రోగ్రాంతోనే పుట్టించండి. మన ఊరి పాటలు పరీక్షకు ఎంత బాగున్నా, పాడినవారిని అడిగి ఒప్పుకోలు తీసుకోకుండా వారి గొంతును, కోడును ఉంచే, అందరికీ కనిపించే రిపాజిటరీలో పెట్టకూడదు. చేలో పాడిన మనిషి తన పాట ఎక్కడికి వెళుతుందో తెలుసుకుని ఒప్పుకోవాలి.

విడుదల

కోడులో చేసే మార్పులను నమోదు చేసే గిట్ అనే పరికరంతో కోడును భద్రపరచి, బహిరంగ రిపాజిటరీలో పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు. లైసెన్సు లేని కోడు మీద హక్కులన్నీ రాసినవారివే, ఇతరులు దాన్ని వాడుకోవడానికీ మార్చుకోవడానికీ అనుమతి ఉండదు. ఎవరు ఎలా వాడుకున్నా ఫర్వాలేదనుకుంటే ఎంఐటీ లైసెన్సు, మార్పులు చేసి పంచేవారు ఆ మార్పులను కూడా బహిరంగంగానే ఉంచాలనుకుంటే జీపీఎల్ ఎంచుకోండి. నేను రెండోదే ఎంచుకున్నాను. పరిచయ పత్రాన్ని తెలుగులోనూ రాయండి. అందులో ఏ రంగు ఏ పౌనఃపున్యానికి గుర్తో చూపే పట్టీ, ఒక నమూనా బొమ్మ, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి ఉండాలి.

లోపాలు తెలియజేసేవారిని ఫైలు ఫార్మాటు, చానళ్ల సంఖ్య, సెకనుకు నమూనాల సంఖ్య తప్పక చెప్పమని కోరండి. ఉదాహరణకు తన రికార్డింగు ఎంత కీచుగా ఉన్నా ఊదా రంగు ఎక్కడా రావడం లేదని ఒకరు రాస్తే, ముందుగా ఆ చివరి సంఖ్య చూడండి. అది ఫోను సంభాషణ నుంచి తీసిన 8,000 నమూనాల ఫైలయితే, అందులో నిలిచే పౌనఃపున్యం సగానికి, అంటే 4,000 హెర్ట్జ్‌కు, మించదు. రంగు 240 డిగ్రీల నీలం దగ్గరే ఆగిపోవడం అక్కడ సరైన జవాబే. ఆ వివరణను వారికి పంపి, అదే రోజు పరిచయ పత్రంలో రంగుల పట్టీ కింద కూడా చేర్చండి.