పెళ్లి తంతుకు బ్యాటరీ స్పీకరును ఎంచుకోవడం ఎలా

తెలుగువారి పెళ్లిలో స్పీకరుకు రెండు వేర్వేరు పనులు ఉంటాయి. ఊరేగింపులో పాటలు మోగించడం ఒకటి, పీటల మీద జరిగే తంతును అతిథుల చెవిన వేయడం రెండవది. దుకాణాలలో రంగురంగుల దీపాలతో కనిపించే స్పీకర్లలో అధిక భాగం మొదటి పనికే తయారవుతాయి. వాటిలో ఢంకా మోత ఘనంగా ఉంటుంది గాని, కన్యాదాన సమయంలో మూడు తరాల పేర్లతో గోత్రప్రవరలు చదివేటప్పుడు మూడవ వరుసలో కూర్చున్న మేనత్తకు ఒక్క పేరూ స్పష్టంగా అందదు. అందువల్ల తంతు కోసం కొనే స్పీకరును మాటతోనే పరీక్షించాలి. పాట ఎంత బాగా మోగిందన్నది ఆ తరువాతి సంగతి.

బ్యాటరీతో నడిచేది ఎందుకంటే, తంతు మొత్తం ఒకే చోట జరగదు. ఎదుర్కోలు మండపం ద్వారం దగ్గర, కాశీయాత్ర వీధిలో, అరుంధతీ దర్శనం ఆరుబయట జరుగుతాయి. అన్నవరం వంటి కొండ మీది క్షేత్రాలలో పెళ్లి చేసేవారికి అవసరమైన చోట ప్లగ్గు దొరుకుతుందన్న హామీ ఉండదు. దానికి తోడు హోమగుండం చుట్టూ, పట్టుచీరల నడుమ, వీడియోవాళ్ల కాళ్ల కింద తీగలు పరచడం క్షేమం కాదు. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు వచ్చే ఆ కొద్దిపాటి మౌనం సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకే రావచ్చు.

కొనేటప్పుడు మొదట కంటపడేది వాట్ల సంఖ్య. పెట్టె మీద వేల వాట్లు అని ఉండి, పక్కన పి.ఎం.పి.ఓ. (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని కనిపిస్తే ఆ సంఖ్యను పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే దానికి స్థిరమైన కొలత పద్ధతి ఏదీ లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లను, అంటే స్పీకరు నిలకడగా ఇవ్వగల శక్తిని చూడాలి. అయితే వాట్లు రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దస్థాయిని కొలిచే ప్రమాణం) మాత్రమే కాబట్టి, 100 వాట్లకూ 200 వాట్లకూ మధ్య తేడా ధరలో కనిపించినంతగా చెవికి వినిపించదు. అంతకన్నా ఉపయోగపడేది ఒక మీటరు దూరంలో స్పీకరు ఇవ్వగల గరిష్ఠ శబ్దస్థాయి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 110 ఉన్నది 4 మీటర్ల వద్ద 98కి, 16 మీటర్ల వద్ద 86కి పడిపోతుంది. అదీ గరిష్ఠస్థాయి లెక్క. మాట సగటు దానికన్నా మరో 10 లేదా 12 తక్కువగా ఉంటుంది. పెళ్లివారి కబుర్లు 70 డెసిబెల్స్ దగ్గర ఉన్నాయనుకుంటే, షామియానా చివరి వరుసకు మంత్రం కష్టం మీద చేరుతున్నట్టే. అలాంటి చోట ఒక పెద్ద స్పీకరును గట్టిగా మోగించి ముందు వరుసలోని వృద్ధులను బాధపెట్టే కన్నా, రెండు మధ్యరకం స్పీకర్లను తక్కువ శబ్దంతో దూరదూరంగా ఉంచడం నా దృష్టిలో ఎంతో మేలు.

దుకాణంలో పాట వేయించుకుని ముచ్చటపడి కొనేయకుండా, మైకు తగిలించి ఎవరిచేతనైనా ఏదో ఒక శ్లోకం చదివించి, పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి వినాలి. క, ఖ, త, థ, శ, ష ల తేడా తెలియాలి. హల్లుల స్పష్టత ముఖ్యంగా 1,000 నుండి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఆ భాగాన్ని మింగేసి అడుగు స్వరాన్ని (బేస్) ఉబ్బించే స్పీకరు తంతుకు పనికిరాదు. అడుగు స్వరాన్ని విడిగా తగ్గించే మీట ఉంటే గాలి రొద, పీట కదిలిన చప్పుడు కూడా చాలావరకు అణగుతాయి.

ఇక అసలు చిక్కు మైకుది. పురోహితుని రెండు చేతులకూ పని ఉంటుంది: ఒకసారి అక్షతలు, ఒకసారి కలశం, ఒకసారి హోమంలో నెయ్యి. కాబట్టి చేతి మైకు కుదరదు. ఇచ్చినా అది నిమిషంలో పెళ్లికూతురి తండ్రి ఒళ్లోకి చేరుతుంది. కాలరు మైకును పెట్టడానికి చాలామంది పురోహితులకు ఒంటి మీద చొక్కాయే ఉండదు, ఉత్తరీయానికి తగిలిస్తే అది జారినప్పుడల్లా బరబరమని శబ్దం వస్తుంది. చెవికి తగిలించుకుని పెదవి పక్కకు వచ్చే తీగలేని మైకు అన్నిటికన్నా అనువైనది. దానిని ఆయనకు తంతు మొదలుకాక ముందే పెట్టి అలవాటు చేయాలి. ఆయన ఒప్పుకోకపోతే, నేల మీద ఉంచే పొట్టి స్టాండుకు మెడ వంగే మైకును అమర్చవచ్చు. కనుక స్పీకరుకు కనీసం రెండు మైకు మార్గాలు, వాటికి విడివిడిగా శబ్దం తగ్గించే మీటలు ఉండాలి. బోస్ ఎస్1 ప్రో, జేబీఎల్ ఇయాన్ వన్ కాంపాక్ట్ వంటి బ్యాటరీ స్పీకర్లలో ఇవి ఉన్నాయి. కండెన్సర్ రకం మైకు వాడదలిస్తే దానికి సాధారణంగా 48 వోల్టుల సరఫరా అవసరమవుతుంది. అది స్పీకరులో ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. తీగలేని మైకులలో 2.4 గిగాహెర్ట్జ్ రకం చవకే గాని, మనుషుల శరీరాలు ఆ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. తలంబ్రాల సమయంలో జనం చుట్టూ మూగినప్పుడు మాట తెగిపోకూడదంటే అంతకన్నా తక్కువ పౌనఃపున్యంలో పనిచేసే యూ.హెచ్.ఎఫ్. రకమే మంచిది.

మైకు కీచుమనకుండా ఉండాలంటే స్పీకరు వేదిక అంచుకు ముందు ఉండి, దాని ముఖం అతిథుల వైపు, వీపు మైకు వైపు ఉండాలి. అడుగున 35 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న స్పీకరు మామూలు స్టాండు మీద నిలుస్తుంది. కూర్చున్నవారి తలల కన్నా ఎత్తున పెడితే ముందు వరుస ధ్వనిని అడ్డుకోదు. హోమం పొగకు, ఎగిరివచ్చే అక్షతలకు దూరంగా ఉంచడం కూడా అవసరమే. నాదస్వరానికి, డోలుకు మైకు పెట్టనక్కరలేదు, అవి తమంతట తామే హాలు నింపుతాయి. గట్టిమేళం మోగిన క్షణంలో పురోహితుని మైకును తగ్గించే మనిషి ఒకరు ఉండాలి. లేకపోతే ఆ మేళం మైకులో పడి స్పీకరు బొంగురుపోతుంది.

మాట కోసం బ్లూటూత్‌ను నమ్ముకోకూడదు. శబ్దం కొంత ఆలస్యంగా వస్తుంది, పైగా పాటలు వేస్తున్న ఫోనుకు ఎవరో పిలిస్తే ఆ రింగుటోను పెళ్లివారందరికీ వినబడుతుంది, కనుక ఆ ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వాడాలి. స్పీకరు నుండి శబ్దాన్ని బయటికి పంపే లైన్ అవుట్ ఉంటే వీడియోవాళ్లకు తీగ ఇవ్వవచ్చు. అమెరికా నుండి ప్రత్యక్ష ప్రసారం చూసే బంధువులకు మంత్రం స్పష్టంగా అందేది అప్పుడే.

బ్యాటరీ విషయంలో పెట్టె మీద రాసిన గంటలను సగానికి తగ్గించి లెక్క వేసుకోవడం వివేకం, ఎందుకంటే తయారీదారులు సాధారణంగా మితమైన శబ్దం వద్ద కొలిచిన కాలాన్నే ప్రకటిస్తారు. మన దగ్గర దొరికే ట్రాలీ స్పీకర్లలో చాలావాటిలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే శక్తి 84 వాట్ అవర్లు. స్పీకరు సగటున 15 వాట్లు తీసుకుంటే కాగితం మీద అయిదున్నర గంటలు రావాలి గాని, పాతబడిన బ్యాటరీ అంత ఇవ్వదు. లిథియం బ్యాటరీ అదే శక్తికి చాలా తేలిక, ధర ఎక్కువ. గౌరీపూజ నుండి అప్పగింతల దాకా ఒకే స్పీకరు నడవాలంటే బ్యాటరీ మార్చుకునే వీలు గాని, బయటి 12 వోల్టుల బ్యాటరీ తగిలించే వీలు గాని ఉన్నదానినే తీసుకోవాలి. వైశాఖ జ్యేష్ఠాల ముహూర్తాలకు స్పీకరును మూసిన కారులో వదలకూడదు. విదేశం నుండి వచ్చేవారు విడి లిథియం బ్యాటరీని చేతి సంచిలోనే తీసుకురావాలి. 100 వాట్ అవర్లు దాటి 160 వరకు ఉంటే విమానసంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి.

మన ముహూర్తాలలో చాలా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, కల్యాణ మండపం వంటి మూసి ఉన్న చోట లోపలివారి కోసం వాడవచ్చు. ఇంటి ముందు పందిరిలో తెల్లవారుజామున మూడింటికి పెళ్లయితే స్పీకరును ఆపి అతిథులను పీటల దగ్గరకు జరుపుకోవడమే దారి.

పెళ్లిళ్లు లేని ఆషాఢంలో, మూఢంలో స్పీకరు అటక ఎక్కుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఉంచి, నెలకొకసారి మళ్లీ ఎక్కించాలి. ఖాళీగా వదిలేస్తే అది శ్రావణానికి లేవకపోవచ్చు. లిథియం బ్యాటరీని మాత్రం సగం చార్జితో చల్లని చోట ఉంచాలి.