వంచగలిగే సేంద్రియ సౌర ఘటాలు: సామర్థ్యం తగ్గితే లోపాన్ని ఎక్కడ వెతకాలి?

గాజుపై చక్కగా పనిచేసిన మిశ్రమాన్ని (వెలుగును కరెంటుగా మార్చే సేంద్రియ పదార్థాల కలయికను) ప్లాస్టిక్ ఫిల్మ్ మీదికి మార్చగానే సామర్థ్యం తగ్గితే, చాలామంది ముందుగా ఆ మిశ్రమాన్నే అనుమానిస్తారు. నా అనుభవంలో మాత్రం లోపం ఎక్కువసార్లు కింది ఎలక్ట్రోడ్‌లోనో, పొరల సరిహద్దులోనో, అంచుల సీలులోనో దొరికింది. అందుకే అదే రోజు, అదే ద్రావణంతో గాజుపై కూడా ఒక ఘటం తయారుచేసి పోల్చుకోవాలి. ఇలాంటి మిశ్రమానికి ఒక ఉదాహరణ: 2019లో వెలువడిన, ఎలక్ట్రాన్లను అందుకునే వై6 అణువును, వాటిని ఇచ్చే పీఎం6 పాలిమర్‌తో కలిపి 15 శాతానికి పైగా సామర్థ్యం సాధించారు. మన గాజు ఘటం కూడా తన మామూలు స్థాయికి రాకపోతే ద్రావణాన్ని, అది వచ్చి ఫిల్మ్ ఘటం ఒక్కటే వెనకబడితే కింది లక్షణాలను పరిశీలించాలి.

లక్షణం: వోల్టేజి బాగుంది, ఫిల్ ఫ్యాక్టర్ పడిపోయింది

ఫిల్ ఫ్యాక్టర్ అంటే కరెంటు-వోల్టేజి రేఖ దీర్ఘచతురస్రానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత. ఆ రేఖ ఓపెన్ సర్క్యూట్ (కరెంటు సున్నా అయ్యే చోటు) దగ్గర నిటారుగా దిగకుండా వాలిపోతే సిరీస్ నిరోధం (కరెంటు దారిలో ఎదురయ్యే నిరోధం) ఎక్కువని అర్థం. పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్మ్ అధిక వేడికి ఓర్చుకోదు గనుక, దానిపై ఎలక్ట్రోడ్‌గా ఉన్న ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక వాహకం) పూతను గాజుపై చేసినట్టుగా బాగా వేడిచేసి మెరుగుపరచలేము. ఘటాన్ని సన్నని పట్టీలుగా విడగొట్టి కరెంటు నడిచే దూరం తగ్గించాలి, లేదా సన్నని లోహపు గీతలను జోడించాలి. రేఖ షార్ట్ సర్క్యూట్ (వోల్టేజి సున్నా అయ్యే చోటు) వైపున వాలితే కరెంటు లీకవుతోందేమో చూడాలి: ఎలక్ట్రోడ్‌గా వెండి నానోతీగలు వాడినచోట, పైకి లేచిన తీగ కొస 100 నానోమీటర్ల క్రియాశీల పొరను (ఆ మిశ్రమపు పొరను) సులభంగా గుచ్చుకుపోతుంది. తీగలపై వాహక పాలిమర్ పూత వేసి ఉపరితలాన్ని చదును చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. స్పిన్ కోటింగ్ (వేగంగా తిప్పుతూ ద్రావణాన్ని పలుచగా పరిచే పద్ధతి) కోసం ఫిల్మ్‌ను గాజుకు అంటించినప్పుడు కింద ఆవగింజంత గాలిబుడగ మిగిలినా, పూతలో దాని చుట్టూ రంగు మారిన వలయం కనిపిస్తుంది. ఆ ముక్కను కొలవకుండా పక్కన పెట్టడమే మేలు.

లక్షణం: వంచిన తర్వాత సామర్థ్యం తగ్గింది

పైపొరలు వేయని ఎలక్ట్రోడ్ ముక్కను అదే వంపుకు వంచి, వంచకముందూ వంచిన తర్వాతా మల్టీమీటర్‌తో నిరోధం కొలవాలి. నిరోధం పెరిగితే ఐటీఓ చీలింది. మైక్రోస్కోప్‌లో వంపు దిశకు అడ్డంగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగిన వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. పెరగకపోతే పొరలు ఊడుతున్నాయేమో చూడాలి. ఉపరితలం సాగే శాతాన్ని ఫిల్మ్ మందాన్ని వంపు వ్యాసార్ధపు రెట్టింపుతో భాగించి అంచనా వేయవచ్చు: 125 మైక్రాన్ల ఫిల్మ్‌ను 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి వంచితే 1.25 శాతం వస్తుంది, ఐటీఓకు అది ప్రమాదపు హద్దు. 50 మైక్రాన్ల ఫిల్మ్‌కు అదే వంపులో అర శాతమే. ఘటంపైన కూడా దాదాపు అంతే మందమున్న ఫిల్మ్‌ను అతికిస్తే పొరలు సాగుదలా నొక్కుడూ లేని మధ్యతలానికి చేరతాయి. కొత్త పదార్థం కోసం వెతికే ముందు ఈ మార్పు చేసి చూడాలని నేను గట్టిగా చెబుతాను.

లక్షణం: రేఖ ఎస్ ఆకారంలో వంగింది

ఎలక్ట్రాన్లను మోసే జింక్ ఆక్సైడ్ పొరకు అతినీలలోహిత కాంతి తగిలితే తప్ప సరిగా పనిచేయని సందర్భాలున్నాయి. పీఈఎన్ (పీఈటీని పోలిన మరో ప్లాస్టిక్) ఫిల్మ్ ఆ కాంతిలో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. ఎండకు బదులుగా వాడే ఎల్‌ఈడీ దీపాల సిమ్యులేటర్లలో చాలావాటిలో ఆ కాంతి ఉండనే ఉండదు. కొంతసేపు అతినీలలోహిత కాంతి కింద ఉంచగానే రేఖ మామూలు ఆకారానికి వస్తే కారణం ఇదే. అయితే ఆ కాంతిలోనే జింక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకంగా మారి, వై6 వంటి అణువులలోని కార్బన్ ద్విబంధాలను దెబ్బతీస్తుంది. మొదటి రోజు సామర్థ్యాన్ని నిలబెట్టిన వెలుగే తర్వాత మన్నికను హరిస్తుంది. కనుక కాంతితో సరిపెట్టుకోకుండా టిన్ ఆక్సైడ్‌కు మారడమో, రెండు పొరల మధ్య పలుచని రక్షక పొర వేయడమో చేసి, ఆపైన అతినీలలోహిత వడపోత ఫిల్మ్ అతికించాలి.

లక్షణం: వంచకపోయినా రోజుల్లోనే క్షీణించింది

ఒక ఘటాన్ని గ్లవ్ బాక్స్‌లో (తేమ, ఆక్సిజన్ లేని మూసిన పెట్టెలో) చీకట్లో, ఇంకొకదాన్ని బయటి గాలిలో చీకట్లో, మూడోదాన్ని గ్లవ్ బాక్స్‌లోనే వెలుగులో ఉంచాలి. మూడోది మాత్రమే పడిపోతే కాంతి వల్ల జరిగే రసాయన మార్పును, మిశ్రమంలో ఆరకుండా మిగిలిన డైఅయోడోఆక్టేన్‌ను (ద్రావణంలో కొద్దిగా కలిపే, నెమ్మదిగా ఆవిరయ్యే ద్రవాన్ని) అనుమానించాలి. పూతను వ్యాక్యూమ్‌లో ఎక్కువసేపు ఆరబెట్టాలి. రెండోది పడిపోతే తేమ, ఆక్సిజన్ కారణం. పీఈటీ నీటి ఆవిరిని ఆపలేదు గనుక రెండు వైపులా బారియర్ ఫిల్మ్ అవసరం. అంచు నుంచి లోపలికి పాకే మచ్చలు కనిపిస్తే మాత్రం, ఎంత మంచి ఫిల్మ్ తెచ్చినా ప్రయోజనం లేదు: అంచున జిగురు వెడల్పు పెంచి, కనెక్షన్ పట్టీ బయటికి వచ్చే చోట జిగురు నిండుగా చేరిందో లేదో భూతద్దంతో చూసుకోవాలి.