ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేశాక తప్పు కనబడితే: సరిహద్దు ఊళ్ల ఉద్యోగులకు

పర్లాకిమిడిలో ఉద్యోగం, పొలిమేర దాటగానే పాతపట్నంలో పాత బ్యాంకు ఖాతా, టెక్కలి వైపు కౌలుకిచ్చిన తాతల నాటి పొలం. గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల్లో ఇది అరుదైన సంగతి కాదు. జీతం ఒడిశాలో వస్తోంది కాబట్టి ఆ లెక్క ఒక్కటే చూపితే చాలునని, ఆంధ్రలో వచ్చిన వడ్డీ ఇక్కడి రిటర్నులోకి రాదని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆదాయపు పన్ను కేంద్రానిది, పాన్ ఒక్కటే, కనుక రెండు వైపుల లెక్కా ఒకే రిటర్నులో ఉండాలి. అది జరగనప్పుడు సరిదిద్దుకునే మార్గాలు చట్టంలోనే ఉన్నాయి. ఇక్కడ చెప్పే గడువులు, లెక్కలు 2024-25 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానివి.

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ తెరిచి దిద్దుబాటు మొదలుపెట్టే ముందు దాఖలు చేసిన రిటర్ను కాపీ, జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే ఫారం 16, ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం పక్కపక్కన పెట్టుకొని వరుసగా పోల్చుకోవాలి. మీ పేరున కోసిన, కట్టిన పన్నుల చిట్టా అయిన 26ఏఎస్ ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. ఆ సంవత్సరం, అరవై ఏళ్లలోపు వారికి, ఒక బ్యాంకులో డిపాజిట్ వడ్డీ 40,000 రూపాయలు దాటకపోతే బ్యాంకు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయదు. కోయని పన్ను 26ఏఎస్‌లో కనబడదు గాని, ఆ వడ్డీ వివరం మాత్రం బ్యాంకు నుంచి ఏఐఎస్‌కు చేరుతుంది. మరచిపోయిన పాతపట్నం ఖాతా చాలావరకు బయటపడేది అక్కడే. ఏఐఎస్‌లోనూ పొరపాట్లుంటాయి కాబట్టి, ఉమ్మడి ఖాతా వడ్డీ అంతా ఒకరి పేరునే పడినట్లు కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయవచ్చు.

రిటర్ను పంపి ఇంకా ఈ-వెరిఫై చేయకపోతే, అంటే అది నాదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే, పని చాలా తేలిక. దానిని డిస్కార్డ్ చేసి, కొత్తగా దాఖలు చేయవచ్చు. అయితే అసలు గడువు దాటాక కొత్తది వేస్తే అది ఆలస్యపు రిటర్ను కింద లెక్కకు వస్తుందని గుర్తుంచుకోవాలి.

వెరిఫై అయిపోతే సెక్షన్ 139(5) కింద రివైజ్డ్ రిటర్ను వేయాలి. దీనికి గడువు 2025 డిసెంబర్ 31. రిఫండ్ చేతికి వచ్చిందనో, శాఖ లెక్క చూసి పంపే ఇంటిమేషన్ అందిందనో ఈ దారి మూసుకుపోదు. ఆలస్యంగా వేసిన రిటర్నునూ ఇలా సవరించవచ్చు. ఒక లెక్క చూద్దాం. పర్లాకిమిడిలోని ఒక ఉపాధ్యాయుడి జీతం 9,60,000 రూపాయలు, కొత్త పన్ను విధానం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 8,85,000 రూపాయలపై సెస్సుతో కలిపి పన్ను 40,040 రూపాయలు, అదంతా జీతంలోనే టీడీఎస్‌గా కోశారు. ఆంధ్ర వైపు ఖాతాలోని 36,000 రూపాయల వడ్డీ చూపడం మరచిపోయారు. అది పది శాతం శ్లాబులో పడుతుంది కనుక అదనపు పన్ను 3,600, సెస్సు 144, మొత్తం 3,744 రూపాయలు. బకాయి పదివేల లోపే ఉంది కాబట్టి ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ పడదు. ఈ సొమ్మును పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్‌గా, అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 అని సరిచూసుకొని కట్టి, చలాన్‌లోని బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ గుర్తు), క్రమసంఖ్య, తేదీలను కొత్త రిటర్నులో ఎక్కించాలి. మొదటి రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ సంఖ్యనూ దాని తేదీనీ కూడా అడుగుతుంది. రివైజ్డ్ రిటర్ను పాతదానికి అతుకు కాదు, దాని స్థానంలోకి వచ్చే పూర్తి రిటర్ను. వడ్డీ ఒక్కటే రాసి జీతం వదిలేస్తే లెక్క తలకిందులవుతుంది.

ఒక్కోసారి అంకెలే కాదు, ఫారమే తప్పు కావచ్చు. కౌలుకిచ్చిన సాగుభూమి మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే. అది పన్ను లేనిదే అయినా 5,000 రూపాయలు దాటితే సహజ్ అనే ఐటీఆర్-1 పనికిరాదు. జీతగాడైతే రివైజ్డ్ రిటర్నును ఐటీఆర్-2లో వేయాలి, పైగా ఆ ఆదాయం జీతం మీది పన్ను రేటు లెక్కలోకి వస్తుంది. సంవత్సరం మధ్యలో శ్రీకాకుళం జిల్లా ఉద్యోగం వదిలి ఇటు వచ్చినవారు రెండు ఫారం 16లూ కలిపి చూసుకోవాలి. ఇద్దరు యజమానులూ ఎవరికి వారు స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చి ఉంటే పన్ను తక్కువగా కోసినట్లే.

డిసెంబర్ 31 దాటిపోతే మిగిలేది ఐటీఆర్-యు అనే అప్‌డేటెడ్ రిటర్ను. ఇది పన్ను పెరిగే సవరణలకే పనికొస్తుంది, రిఫండ్ పెంచుకోవడానికి పనికిరాదు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు, అంటే 2030 మార్చి 31 వరకు అవకాశం ఉంది గాని ఆలస్యానికి వెల కట్టవలసి వస్తుంది. చెల్లించవలసిన పన్ను, వడ్డీల మీద 2027 మార్చి 31 లోపు 25 శాతం, ఆ తరువాత ఏడాదికొక మెట్టుగా 50, 60, 70 శాతం అదనంగా పడుతుంది. పై ఉపాధ్యాయుడు మొదటి ఏడాదిలోనే వేస్తే 936 రూపాయలు అదనం, నాలుగో ఏడాది దాకా ఆగితే సుమారు 2,621 రూపాయలు. 36,000 రూపాయల వడ్డీ కోసం ఇంత ఆగడం దండగే.

తప్పు మీది కాకపోతే రివైజ్డ్ రిటర్నుకు పరుగెత్తవద్దు. సెక్షన్ 143(1) ఇంటిమేషన్‌లో మీరు చూపిన అంకె ఒక వరుసలో, శాఖ లెక్కించిన అంకె పక్క వరుసలో ఉంటాయి. టీడీఎస్ తగ్గించి చూపితే ముందు 26ఏఎస్ తెరవండి. సొమ్ము అక్కడ ఉంటే సెక్షన్ 154 కింద ఆన్‌లైన్‌లోనే రెక్టిఫికేషన్ కోరవచ్చు. అక్కడే లేకపోతే పన్ను కోసినవారు తమ టీడీఎస్ స్టేట్‌మెంట్‌ను సవరించేవరకు మీ ప్రయత్నం ఫలించదు కాబట్టి ముందుగా వారినే అడగాలి. బ్యాంకు ఖాతా సంఖ్య తప్పుపడి రిఫండ్ తిరిగిపోతే రివైజ్డ్ రిటర్ను అక్కరలేదు, సరైన ఖాతాను వాలిడేట్ చేసి రిఫండ్ రీఇష్యూ కోరితే సరిపోతుంది.

ఏ సవరణ రిటర్నైనా దాఖలు చేసిన 30 రోజుల్లోగా వెరిఫై కావాలి. మా మేనమామ రిటర్నును ఒక నెట్ సెంటర్‌లో వేసినప్పుడు, ప్రొఫైల్‌లో ఆ కుర్రవాడి ఫోను నంబరే ఎక్కింది. శాఖ పంపిన సందేశాలన్నీ రెండేళ్లపాటు అతని ఫోనుకే వెళ్లాయి. అందువల్ల ఇలా బయట వేయించుకునేవారు సవరణ మొదలుపెట్టే రోజునే ప్రొఫైల్ తెరిచి, మొబైల్ నంబరు, ఈమెయిల్ రెండూ తమవేనో కాదో చూసుకోవాలి.